ద్వీపంలో మొదటి సముద్రపు ఈత పోటీ: పేరు ఇవ్వడం నుంచి ఒడ్డు చేరేదాకా

స్విమ్మింగ్ పూల్లో నలభై, యాభై నిమిషాలు ఆగకుండా ఈదగలుగుతున్నారా? అయితే దమ్ము సంగతి వదిలేయండి, అది మీ దగ్గర ఉంది. ఉష్ణమండలపు ద్వీపాల్లో జరిగే సముద్రపు ఈత పోటీలకి కావాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి తిన్నగా ఈదడం, రెండోది ఒళ్లు వేడెక్కకుండా చూసుకోవడం. వేగం ఈ రెండింటి తర్వాతే. పూల్లో నాకంటే రెండు నిమిషాలు వెనకబడేవాళ్లు సముద్రంలో నాకంటే ముందు ఒడ్డెక్కి, తువ్వాలు కప్పుకుని కూర్చుని కనిపించాక ఇది నాకు తలకెక్కింది. వాళ్లు వేగంగా ఈదలేదు, తక్కువ దూరం ఈదారు. నేను వంకరటింకరగా వెళ్లి ఎక్కువ దూరం ఈదాను.

ముందు పోటీని ఎంచుకోండి

అన్నిటికీ సముద్రపు ఈత అనే ఒక్క పేరే ఉన్నా, వాటిలో చాలా తేడా ఉంటుంది. కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ ద్వీపంలో సెవెన్ మైల్ బీచ్ పక్కన జూన్‌లో జరిగే ఈత ఒక మైలు, అంటే 1.6 కి.మీ. పిల్లలు, పెద్దవాళ్లు, ఒలింపిక్స్‌లో ఈదినవాళ్లు అందరూ ఒకే నీళ్లలో దిగుతారు. హవాయిలో 1970లో మొదలైన వైకికీ రఫ్‌వాటర్ స్విమ్ సుమారు 3.8 కి.మీ. 1978లో అదే ఓవాహు ద్వీపంలో మొదటి ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) పెట్టినప్పుడు ఈత భాగానికి ఈ దూరాన్నే తీసుకున్నారు, ఇవాళ్టికీ ఐరన్‌మ్యాన్ ఈత అంతే. కరీబియన్‌లోనే సెయింట్ క్రోయి ద్వీపంలో బక్ ఐలండ్ నుంచి పెద్ద ద్వీపం ఒడ్డుకి ఈదే పోటీ 5 మైళ్లు. మొదటిసారి అయితే ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు చాలు. గొప్పకి పోయి ద్వీపం నుంచి ద్వీపానికి ఈదే పోటీలో పేరు ఇవ్వకండి. మధ్యలో ఉండే సముద్రపు పాయలో నీళ్ల లాగుడు వేరే లెవెల్.

దూరం ఎంత ముఖ్యమో దారి అంత ముఖ్యం. మ్యాప్ తెరిచి పోటీ జరిగే బీచ్ ద్వీపానికి ఏ పక్క ఉందో చూడండి. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉష్ణమండలంలో ఏడాదిలో ఎక్కువ కాలం వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి వీస్తాయి. అందుకే చాలా ద్వీపాల్లో తూర్పు పక్క కెరటాలు విరుచుకుపడుతుంటే, గాలిచాటున ఉండే పడమటి పక్క నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. సెవెన్ మైల్ బీచ్ పడమటి ఒడ్డునే ఉంది. హవాయి పెద్ద ద్వీపంలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఈత జరిగే కైలువా బే కూడా అంతే. గాలిచాటు బీచ్, ఒడ్డుకి సమాంతరంగా సాగే దారి: మొదటి పోటీకి ఈ రెండూ ఉంటే అంతకంటే ఏం కావాలి? ఎక్కడ ఇబ్బంది వచ్చినా పక్కకి తిరిగి ఐదు నిమిషాల్లో ఇసుక మీద ఉండొచ్చు.

నియమాల పేజీలో మూడు విషయాలు వెతకండి. ఎంత సేపట్లో పూర్తి చేయాలి, ఎన్ని కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు), పడవలు కాపలా ఉంటాయి, నీళ్లు బాగోకపోతే పోటీ ఆపేది ఎవరు. మూడో దానికి జవాబు లేకపోతే నేను పేరు ఇవ్వను. అట్లాంటిక్ ద్వీపాలైతే తేదీ కూడా చూసుకోండి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ తుపానుల కాలం. ఆ నెలల్లో చక్కటి పోటీలు జరగకపోవు, కానీ ముందురోజు రద్దయ్యే అవకాశం ఉందని తెలిసే టికెట్లు కొనుక్కోవాలి.

ఎనిమిది వారాల ముందు: తల ఎత్తి చూడటం నేర్చుకోండి

పూల్లో అడుగున నల్ల గీత ఉంటుంది. సముద్రంలో అది ఉండదు. పైగా మనందరికీ ఒక చేయి బలంగా, ఇంకో చేయి కాస్త బద్ధకంగా పనిచేస్తుంది. మీరు ఏ పక్కకి లాగుతారో ముందు తెలుసుకోండి. ఎవరూ లేని లేన్ మధ్యలో మొదలుపెట్టి, కళ్లు మూసుకుని పది బారలు ఈది ఆగండి. ఎడమ తాడు తగిలిందా, కుడి తాడా? నాలుగుసార్లు చేస్తే మీ గుణం బయటపడుతుంది. నేను ఎప్పుడూ ఎడమకే పోతాను. కుడి వైపే ఊపిరి తీసుకునే అలవాటు దీనికి ఒక కారణం. రెండు వైపులా ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నాక వంకర సగానికి తగ్గింది. దీనితో ఇంకో లాభం ఉంది. ఒక పక్క నుంచి కెరటం ముఖాన కొడుతుంటే రెండో పక్క ఊపిరి తీసుకోవచ్చు.

ఇక గురి చూడటం. కొత్తవాళ్లు మొత్తం తల నీళ్లలోంచి ఎత్తేస్తారు. తల లేస్తే నడుము దిగుతుంది, కాళ్లు మునుగుతాయి, బండికి బ్రేకు వేసినట్టే. మొసలిని గుర్తు తెచ్చుకోండి. మీ కళ్లు మాత్రమే నీటి పైకి రావాలి, మీ ముక్కూ నోరూ నీళ్లలోనే ఉండాలి. ముందు చేయి నీటిని కిందికి నొక్కుతుండగా కళ్లు పైకి తేవాలి, ఒక్క క్షణం చూడాలి, వెంటనే ముఖం పక్కకి తిప్పి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. చూడటం, ఊపిరి రెండూ ఒకే ఊపులో అయిపోవాలి కానీ ముందుకి చూస్తూ ఊపిరి తీసుకోకూడదు. ఆ చూపులో ఏమీ కనపడకపోయినా కంగారు పడకండి. మూడుసార్లు చూస్తే కళ్లలో పడిన ముక్కలు కలిసి ఒక బొమ్మ అవుతుంది. ఆరు నుంచి పది బారలకి ఒకసారి చాలు. కెరటాలు ఉంటే బారలు లెక్కపెట్టొద్దు, కెరటం మిమ్మల్ని పైకి ఎత్తినప్పుడు చూడండి. రెండు కెరటాల మధ్య గుంటలో ఉండి తల ఎత్తితే నీటి గోడ తప్ప ఏమీ కనపడదు.

పూల్లో ప్రతి రెండు వందల మీటర్లలో ఒక యాభై ఇలా ఈదండి. గోడ ముట్టుకోకుండా, ఒక మీటరు ముందే తిరిగిపోవడం కూడా అలవాటు చేసుకోండి. గోడని తన్నినప్పుడల్లా దొరికే విశ్రాంతి సముద్రంలో దొరకదు. స్నేహితులు ఇద్దరు దొరికితే ముగ్గురూ ఒకే లేన్లో పక్కపక్కనే ఈదండి. మోచేతులు తగులుతాయి, నీళ్లు నోట్లోకి పోతాయి, చిరాకు వస్తుంది. ఆ చిరాకుని పోటీ రోజు కంటే ఇక్కడే చూసేయడం మేలు.

వీలైతే పోటీకి ముందు కనీసం మూడు, నాలుగుసార్లు సముద్రంలోనో, పెద్ద చెరువులోనో దిగండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వద్దు. నడుముకి తాడుతో కట్టుకునే, గాలి నింపిన రంగు బుంగ ఒకటి కొనుక్కోండి. పడవలవాళ్లకి మనం కనపడేది దాని వల్లే, అలిసిపోతే పట్టుకుని తేలొచ్చు కూడా. కొన్ని పోటీల్లో దాన్ని తప్పనిసరి చేస్తారు, కొన్నింటిలో రానివ్వరు. అడిగి తెలుసుకోండి.

వెచ్చని నీళ్ల సంగతి

చల్లటి సముద్రం గురించి అందరూ భయపెడతారు, వెచ్చటి సముద్రం గురించి ఎవరూ చెప్పరు. కాలు పెడితే గోరువెచ్చగా, కింద ఇసుక కనపడేంత తేటగా ఉంటుంది. అక్కడే మోసపోతాం. గాలిలో పరిగెత్తితే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లలో చెమట పడుతుంది కానీ ఆరదు. చుట్టూ ఉన్న నీరే ముప్పై డిగ్రీలుంటే, కండరాల్లో పుట్టిన వేడి బయటికి పోయే దారి సన్నబడిపోతుంది.

2010 అక్టోబరులో యూఏఈలోని ఫుజైరాలో వెచ్చని సముద్రంలో జరిగిన 10 కి.మీ. ప్రపంచ కప్ పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిప్పెన్ చనిపోయాడు. వయసు 26. ప్రపంచంలో ఆ దూరం ఈదడంలో ముందు వరసలో ఉన్నవాడు. గమ్యం దగ్గర పడుతుండగా మునిగిపోయినా ఎవరూ గమనించలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ ఈత సమాఖ్య నీటి ఉష్ణోగ్రతకి పై హద్దు పెట్టింది. ఇప్పుడు 31 డిగ్రీలు దాటితే పోటీ పెట్టకూడదు. చిన్న ద్వీపాల్లో ఊరివాళ్లు నడిపే పోటీలన్నీ ఆ నియమం కిందికి రాకపోవచ్చు, కానీ మీ లెక్కకి ఆ అంకె గుర్తుంచుకోండి. 29 దాటితే మీ మామూలు వేగాన్ని కావాలనే తగ్గించుకోండి.

మీరు చల్లటి ఊరి నుంచి వెళ్తుంటే పోటీకి వారం ముందే చేరుకోగలిగితే ఒళ్లు ఆ వేడికి అలవాటు పడుతుంది. అంత సెలవు లేకపోతే రెండు రోజుల ముందైనా వెళ్లి, ఉదయం పూట అరగంట చొప్పున ఈదండి. మందపాటి సిలికాన్ టోపీ బదులు పల్చటి రబ్బరు టోపీ అడగండి, ఎందుకంటే తలలోంచి వేడి పోవాలి. వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు ఈత దుస్తులు) ఇంటి దగ్గరే వదిలేయండి. దాహం వేసేదాకా ఆగకుండా ముందురోజంతా కొంచెం కొంచెంగా తాగండి. అలాగని పోటీ ముందు గంటలో రెండు లీటర్ల మంచినీళ్లు పట్టించొద్దు, రక్తంలో ఉప్పు పల్చబడి అదొక ప్రమాదం. కొన్ని పొడుగు పోటీల్లో దారి మధ్యలో తాగడానికి ఏర్పాటు ఉంటుంది. అక్కడ సమయం పోతుందని దాటేసి పోకండి.

ఈదుతుండగా తల నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, అంత వెచ్చని నీళ్లలోనూ ఒళ్లు జలదరించడం, బోయా (దారి చూపడానికి నీటి మీద తేలేలా కట్టిన గుర్తు) ఎటుందో తెలియనట్టు అయోమయం: వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాల్సిందే. బోర్లా ఈదడం ఆపి వెల్లకిలా తిరగండి, టోపీ తీసేయండి, చేయి ఊపండి. అయోమయం వచ్చాక మనకి అయోమయంగా ఉందని మనకే తెలియదు. అందుకే తలనొప్పి దగ్గరే ఆగాలి.

నీళ్లని చదవడం

పోటీకి ముందురోజు, పోటీ మొదలయ్యే సమయానికే బీచ్‌కి వెళ్లండి. రోజులో ఒక్కో సమయంలో నీళ్లు ఒక్కోలా ఉంటాయి. పొద్దున్నే గాలి తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది. అందుకే ఇలాంటి పోటీలు చాలావరకు పొద్దున్నే పెడతారు.

అక్కడ వలలు సర్దుకుంటున్న మనిషినో, లైఫ్‌గార్డునో పలకరించి రెండే ప్రశ్నలు అడగండి: "రేపు ఈ సమయానికి పోటా, ఆటా? నీళ్లు ఏ పక్కకి లాగుతాయి?" నా అనుభవంలో యాప్ చెప్పినదాని కంటే ఈ జవాబే నిజమైంది. యాప్‌కి ఆ ఒడ్డున పగడపు దిబ్బలో సందు ఎక్కడుందో తెలియదు. పగడపు దిబ్బ మీదుగా కెరటాలతో లోపలికి వచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే బయటికి పోవాలి. ఆటు సమయంలో అక్కడ లాగుడు బలంగా ఉంటుంది. పోటీ దారి ఆ సందు ముందు నుంచి పోతుంటే దాన్ని ఎక్కడ దాటాలో తప్పకుండా అడగండి.

పక్కవాటు లాగుడు ఎంత పని చేస్తుందో ఒక లెక్క చూద్దాం. మీరు 1.6 కి.మీ. నలభై నిమిషాల్లో ఈదుతారు. నీళ్లు అర నాట్ వేగంతో, అంటే గంటకి 0.9 కి.మీ. చొప్పున పక్కకి లాగుతున్నాయి. ఒడ్డున నిలబడి చూస్తే అది కదులుతున్నట్టే ఉండదు. నలభై నిమిషాల్లో మిమ్మల్ని పక్కకి ఆరు వందల మీటర్లు జరుపుతుంది. కాబట్టి బోయా వైపు సూటిగా కాకుండా, నీళ్లు వచ్చే దిక్కుకి కొంచెం ఎగువన గురిపెట్టాలి. ఏరు దాటేవాళ్లు ఎగువకి నడిచి దిగుతారు కదా, అదే పద్ధతి.

మరి కొట్టుకుపోతున్నామో లేదో ఎలా తెలుస్తుంది? ఒడ్డు మీద వరసలో ఉన్న రెండు గుర్తులు పెట్టుకోండి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ఉదాహరణకి బీచ్ మీద ఎత్తైన కొబ్బరి చెట్టు, దాని వెనక కొండ శిఖరం. రెండూ ఒకే గీతలో ఉన్నంత సేపు మీరు సరైన దారిలో ఉన్నట్టు. చెట్టు కొండకి ఎడమగా జరిగినట్టు కనపడితే మీరు కుడికి కొట్టుకుపోతున్నారు, కుడికి జరిగితే ఎడమకి. సముద్రంలో తిరిగేవాళ్లకి ఇది పాత విద్య. కెరటాల్లో బోయా కనపడకపోయినా కొండ కనపడుతుంది. ముందురోజే ఒడ్డున నిలబడి ఈ జతలు వెతికి పెట్టుకోండి. తిరుగు దారికి వేరే జత కావాలి, అది చాలామంది మర్చిపోతారు. పొద్దున్నే తూర్పు వైపు ఈదాల్సి వస్తే సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడని కూడా అప్పుడే చూసుకుని, నల్ల గాగుల్సా, తెల్లవా తేల్చుకోండి.

ముళ్లు, కుట్టేవి, సన్‌స్క్రీన్

సొరచేపల గురించి అడగకుండా ఎవరూ ఉండరు. వాటి కంటే జెల్లీఫిష్‌కి ఎక్కువ ఆలోచించండి. వైకికీ వంటి ఓవాహు దక్షిణపు ఒడ్డుల్లో బాక్స్ జెల్లీఫిష్ పౌర్ణమి తర్వాత సుమారు 8 నుంచి 10 రోజులకి ఒడ్డుకి వస్తాయి. లైఫ్‌గార్డులు దాని ప్రకారం హెచ్చరిక బోర్డులు పెడతారు. మీరు వెళ్లే ద్వీపంలో ఏవి ఉంటాయో, కుడితే ఏం చేయాలో అక్కడి లైఫ్‌గార్డుని అడగడమే సరైన పని, ఎందుకంటే జాతిని బట్టి చికిత్స మారుతుంది. బాక్స్ జెల్లీఫిష్‌కి వెనిగర్ పోస్తారు. చర్మం మీద మిగిలిన తీగలని రుద్దకూడదు, ఇసుకతో తోమకూడదు, మంచినీళ్లు పోయకూడదు. మూత్రం పోయమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రి.

దిబ్బ మీద ఎప్పుడూ నిలబడకండి. పగడం అంటే రాయి కాదు, ప్రాణమున్నది. మీ కాలు పడితే ఏళ్ల తరబడి పెరిగింది విరుగుతుంది. మీ అరికాలికీ మంచిది కాదు: పగడం కోస్తే గాయం తొందరగా మానదు, సందుల్లో ఉండే సీ అర్చిన్ (ముళ్ల బంతిలాంటి జీవి) ముళ్లు చర్మంలోకి దిగి విరిగిపోతాయి. లోతు తక్కువగా ఉన్న చోట నడవాలనిపిస్తుంది. ఛాతీ లోతు నీళ్లున్నా ఈదుతూనే రండి.

సన్‌స్క్రీన్ సీసా వెనక రాసింది చదివి సర్దుకోండి. అమెరికా వర్జిన్ దీవుల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని 2020 మార్చి నుంచి నిషేధించారు. హవాయిలో 2021 జనవరి 1 నుంచి మొదటి రెండూ ఉన్నవి అమ్మకూడదు. పసిఫిక్ ద్వీప దేశం పలావులో 2020 నుంచే నిషేధం. జింక్ ఆక్సైడ్‌తో చేసినవి తీసుకెళ్తే గొడవ ఉండదు. దానికంటే సుఖం పొడుగు చేతుల పల్చటి ఈత చొక్కా. పోటీలో దాన్ని ఒప్పుకుంటారో లేదో చూసుకోండి. ఈతగాళ్లకి ఎండ ముఖం మీద కాదు, మెడ వెనకా, మోకాళ్ల వెనకా, వీపు మీదా కాలుతుంది.

ఇక ఎవరూ చెప్పని ఒక చిన్న విషయం. నా మొదటి పోటీలో సన్‌స్క్రీన్ రాసుకున్న వేళ్లతోనే గాగుల్స్ సర్దుకున్నాను. బొటనవేలి ముద్ర అద్దం లోపలి వైపు పడింది. నీళ్లలోకి దిగాక ఆ ముద్ర తెల్లటి పొరలా పరుచుకుంది. ఎడమ కంటికి సముద్రమంతా పాలు కలిపినట్టుంది. ఉమ్మితో తుడిచాను, ఇంకా పాకింది. ఆ పోటీ మొత్తం ఒంటి కంటితో ఈదాను. ఆ రోజు నుంచీ నా వరస ఇది: ముందు పొడి చేతులతో గాగుల్స్ నుదుటికి ఎక్కించుకుంటాను. తర్వాత సన్‌స్క్రీన్. ఆఖర్న చంకల్లో, మెడ చుట్టూ, బట్ట అంచులు రాసుకునే చోటల్లా వాజ్‌లీన్. చేతులు తువ్వాలుకి, ఆపైన ఇసుకకి, మళ్లీ తువ్వాలుకి తుడుచుకున్నాకే గాగుల్స్ కళ్ల మీదికి. మగవాళ్లకి ఇంకో మాట: ముందురోజు గడ్డం గీసుకోకపోతే ఉప్పునీళ్లలో తల తిప్పిన ప్రతిసారీ ఆ ముళ్లు భుజాన్ని గరుకు కాగితంలా గీకుతాయి. ఒక కిలోమీటరు అయ్యేసరికి మంట మొదలవుతుంది.

పోటీ రోజు

గంటన్నర ముందు చేరుకోండి. చేతి మీద నంబరు రాస్తారు, చీలమండకి సమయం లెక్కపెట్టే చిప్ కట్టిస్తారు. చిప్ పట్టీ గట్టిగా ఉండాలి, కానీ వేళ్లకి తిమ్మిరి ఎక్కేంత కాదు. సన్‌స్క్రీన్ రాయకముందే నంబరు రాయించుకోండి, లేదంటే ఇంకు నిలవదు.

నిర్వాహకులు మాట్లాడే పది నిమిషాలూ వినండి. చాలామంది ఆ సమయంలో ఫొటోలు దిగుతుంటారు. ఏ బోయాని ఎడమ భుజం వైపు ఉంచుకోవాలి, ఏది కుడి వైపు, గాలి మారింది కాబట్టి దారిలో ఏం మార్చారు అన్నీ అక్కడే చెప్తారు. వెబ్‌సైట్‌లోని మ్యాప్ నిన్నటిది, ఈ మాట ఇవాళ్టిది. ఆ తర్వాత నీళ్లలో దిగి పది నిమిషాలు మెల్లగా ఈదండి. ఆ సమయంలోనే వెల్లకిలా తేలి గాగుల్స్ తీసి, నీళ్లు ఒంపి, మళ్లీ పెట్టుకుని చూడండి.

మొదలయ్యేటప్పుడు మధ్యలో నిలబడకండి. వెనక, ఒక పక్కకి, లాగుడు మిమ్మల్ని గుంపులోకి తోయని పక్కకి నిలబడండి. హారన్ మోగాక పది క్షణాలు ఆగి బయల్దేరితే పోయేదేమీ లేదు. నడుము లోతు దాకా పరిగెత్తండి, కెరటం వస్తే దాని మీదికి ఎగరకుండా కిందుగా మునిగి దాటండి.

మొదటి రెండు వందల మీటర్లలో గుండె గొంతులోకి వస్తుంది. ఊపిరి చాలడం లేదనిపిస్తుంది, ఎవరిదో మడమ ముఖానికి తగులుతుంది, అడుగున ఇసుక మాయమై ముదురు నీలం మొదలవుతుంది. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది, ఎన్నోసారి దిగినవాళ్లకి కూడా. మందు ఒక్కటే: నీళ్లలోకి పూర్తిగా ఊపిరి వదలడం. ఊపిరి చాలనప్పుడు మనం ఇంకా ఇంకా పీలుస్తాం, లోపలి గాలి వదలం, అసలు ఇబ్బంది అదే. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వినపడేలా వదలండి. అయినా కుదరకపోతే బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారండి, లేదా వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ముప్పై లెక్కపెట్టండి. దానికి పోటీ నుంచి తీసేయరు. కానీ దగ్గు ఆగకుండా వస్తూ, నురుగు పడుతూ, ఆయాసం తగ్గకపోతే అది కంగారు కాదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. ఈదడం ఆపి పడవని పిలవండి.

గుంపు పల్చబడ్డాక మీ వేగం వాళ్లని ఒకరిని వెతుక్కోండి. వాళ్ల పాదాల వెనక, లేదా నడుము పక్కన ఈదితే నీళ్లు చీల్చే పని వాళ్లది, సుఖం మీది. సముద్రపు ఈతలో ఇది తప్పు కాదు. పాదాలు మాటిమాటికీ ముట్టుకుంటే మాత్రం తన్ను తినడానికి సిద్ధపడండి. ఇంకొకటి, వాళ్లని నమ్మి మీరు చూడటం మానేయకండి. వంకరగా పోయే మనిషి వెనక వెళ్తే ఇద్దరూ వంకరగానే పోతారు.

బోయా దగ్గర అందరూ లోపలి అంచుకి దూరతారు. మీరు రెండు మీటర్లు బయటగా తిరగండి. రెండు మీటర్లు ఎక్కువ ఈదినా దెబ్బలు తప్పుతాయి. తిరిగాక వెంటనే తల ఎత్తి రెండో జత గుర్తులు వెతుక్కోండి.

పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి, పాదం వేళ్లని ముఖం వైపు లాగి పట్టుకోండి. ఎక్కువసేపు పట్టదు. అలిసిపోతే కయాక్ ముందు భాగాన్నో, వెనక భాగాన్నో పట్టుకోండి. పక్కన పట్టుకుంటే బోల్తా పడుతుంది. కయాక్ మిమ్మల్ని ముందుకి లాగనంత వరకు సాధారణంగా పట్టుకోవడం తప్పు కాదు. సముద్రం లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి.

మానేయాలని నిర్ణయించుకుంటే నిస్సంకోచంగా మానేయండి. చేయి పైకెత్తి ఊపితే పడవ వస్తుంది. ఒడ్డు దగ్గరైతే మీరే ఈది బయటికి వచ్చేయొచ్చు. కానీ ఒక్క నియమం మాత్రం తప్పొద్దు: సమయం రాసే బల్ల దగ్గరికి వెళ్లి నంబరు చెప్పి, చిప్ ఇచ్చి వెళ్లండి. ఎవరికీ చెప్పకుండా గదికి వెళ్లి పడుకున్న ఒక పెద్దమనిషి కోసం మూడు పడవలు గంటన్నర సేపు సముద్రం గాలించడం నేను చూశాను. చిన్న ద్వీపంలో ఆ పడవల మీద ఉండేది జీతగాళ్లు కాదు, ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన ఊరివాళ్లు.

ఒడ్డు దగ్గర పడుతుండగా నిలబడాలనిపిస్తుంది. వద్దు. చేయి ఇసుకకి తగిలేదాకా ఈదండి. నడుము లోతు నీళ్లలో నడవడం కంటే ఈదడమే తేలిక. వెనక నుంచి కెరటం వస్తుంటే దాని ముందు నాలుగు బారలు బలంగా వేయండి, ఉచితంగా పది మీటర్లు మోసుకెళ్తుంది. లేచేటప్పుడు మెల్లగా లేవండి. గంటసేపు అడ్డంగా ఉన్న ఒళ్లు ఒక్కసారిగా నిలువైతే తల తిరుగుతుంది, కాళ్లు తడబడతాయి. గీత దాటాక కూర్చోకుండా ఐదు నిమిషాలు నడవండి, నీడకి చేరండి, కొంచెం ఉప్పు ఉన్నది ఏదైనా తాగండి. చెవుల్లోకి మంచినీళ్లు పోసి కడిగి, తల వంచి ఆరనివ్వండి. పగడం గీసిన చోట్లుంటే సబ్బుతో కడగండి, అప్పుడు చిన్నగా కనిపించినా సరే.

ఇక వెళ్లేముందు చీలమండ ఒకసారి చూసుకోండి. చిప్ కట్టుకునే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ప్రతి పోటీలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.